కూలర్‌లో కోళ్ళు, డబ్బాలో గుడ్డు

మా ఇంటికి కోడి దేవుడి పేరు మీద వచ్చిందని మా అత్తగారు అందరికీ చెప్పుకునేవారు. అసలు సంగతేమిటంటే, మా ఆయనకు వేలంపాట ఎక్కడ ఆపాలో తెలియదు.

ఢిల్లీలో మేం వెళ్ళే తెలుగు చర్చిలో చలి మొదలయ్యే రోజుల్లో కోతపండుగ జరిగేది. మా ఊళ్ళ వైపయితే ఆ రోజు వడ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఢిల్లీలో మాకు పొలాలెక్కడివి? ఒకరు బాల్కనీ కుండీలో పెంచిన కొత్తిమీర తెచ్చేవారు, ఒకరు మండీలో కొన్న కాలీఫ్లవర్ తెచ్చేవారు, నాలాంటి బద్ధకస్తులు బేకరీ కేకు తెచ్చేవారు. ఆ ఏడు మాత్రం ఊరి చివర కాస్త జాగా ఉన్న కుటుంబం ఒకటి గంప కింద నల్లటి నాటుకోడిపెట్టను తెచ్చింది. అది పాస్టరు గారి ప్రార్థన మధ్యలో రెండుసార్లు కొక్కొక్కోమని అరిచింది. పిల్లలంతా నవ్వారు. మా అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆ నవ్వు చూసే మా ఆయన పాట మొదలుపెట్టారు. ఎదుటివాళ్ళు ఆపేసినా తన పాట మీద తనే ఇంకో పాట పాడబోతే నేను చొక్కా పట్టుకుని లాగాను. "నాటుకోడి గుడ్డు. పిల్లకి బలం" అన్నారు నా చెవిలో.

ఆ మాటకి నేను చొక్కా వదిలేశాను. అంతకు వారం ముందే మా తొమ్మిదేళ్ళ పిల్లకి రక్తం తక్కువగా ఉందని తేలింది. నేను నర్సుని. వార్డులో ఎవరు కాస్త పాలిపోయినా కనురెప్ప కిందకి లాగి చూసే చేతులు నావి. సొంత పిల్ల కళ్ళు నెలల తరబడి తెల్లబడుతుంటే మాత్రం ఢిల్లీ ఎండకి వాడిపోయిందనుకున్నాను. స్కూల్లో మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని టీచరు ఫోన్ చేశాక గాని నాకు బుద్ధి రాలేదు. మా ఆస్పత్రిలోనే పరీక్ష చేయించాను. డాక్టరమ్మ సిరప్ రాసి, "సిస్టర్, తిండి చూడండి. మీకు నేను చెప్పాలా?" అంది. నిజమే, నాకు చెప్పాలా!

అప్పట్లో మేం ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. ఢిల్లీ బస్సులు గ్యాస్‌కి మారిన కొత్తల్లో పొగ తగ్గి, ఆఫీసుకి పోయేటప్పుడు ఆయనకి రోజూ వచ్చే దగ్గు పోయిందని గుర్తు. మాది కింది అంతస్తు. వెనక గోడ దాకా నాలుగు మంచాలు పట్టేంత పెరడు, అందులో కరివేపాకు, ఒక జామచెట్టు, పాడైపోయిన కూలరు ఉండేవి. ఆ కూలరే కోళ్ళగూడు అయింది. మా ఆయన మోటారు పీకేసి, అడుగున గోనెపట్టా పరిచి, దాని పక్క తడకల్లో ఉండే గడ్డిని తీసి ఒక మూల గూడులా చుట్టారు.

పాలకొల్లు పక్క పల్లెటూరి నుంచి మనవరాలిని చూసుకోవడానికి వచ్చిన మా అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. "నలభై ఏళ్ళు కోళ్ళని గంపల కింద మూశాను. ఇనప్పెట్టెలో కాపరం పెట్టిన కోడిని ఇప్పుడే చూడ్డం" అన్నారు. రెండు రోజులకి ఒంటరి కోడి తిండి తినదని ఆవిడే పోరు పెడితే మా ఆయన ఒక ఎర్రపెట్టను కూడా తెచ్చారు. పుంజు మాత్రం వద్దనుకున్నాం. తెల్లారకుండా కూస్తే కాలనీ అంతా మా గుమ్మంలో ఉంటుంది.

ఇక తిండి దగ్గర మొదలైంది అసలు రామాయణం. అత్తగారికి కోడి అంటే నూకలు, తవుడు. ఢిల్లీలో నూకలెక్కడ దొరుకుతాయి? మార్కెట్ మూల పిండిమర భయ్యా మర కింద రాలిన గోధుమలు, సజ్జలు ఊడ్చి ఇచ్చేవాడు. అవి వేస్తే, "గోధుమలు తిని ఏ కోడి గుడ్డు పెట్టిందమ్మా" అని అత్తగారు మూతి తిప్పేవారు. పై అంతస్తు పంజాబీ ఆంటీకి మా కోళ్ళంటే ముద్దు. ఆవుకి తీసి ఉంచే రొట్టెలు మా పెరట్లోకి విసరడం మొదలుపెట్టింది. ఆ రొట్టెలకి నెయ్యి మామూలుగా కారదు! మా ఆయన సాయంత్రం టీ తాగుతూ కారప్పూస చల్లేవారు. ఎవరి ప్రేమ వాళ్ళది. కోళ్ళు మాత్రం ఎవరినీ నొప్పించకుండా అన్నీ మెక్కేవి.

హోలీకి కాస్త ముందు నల్లది మొదటి గుడ్డు పెట్టింది. అత్తగారు స్తోత్రం చెప్పి చేతిలోకి తీసుకుంటే అది నీళ్ళు పోసిన బుడగలా మెత్తగా జారింది. పెంకు లేదు. తోలుగుడ్డు. మర్నాడూ అంతే. ఎర్రది పెట్టిన గుడ్డుకి పెంకు ఉంది గాని వేలు ఆనిస్తే చిట్లింది. పైగా రెండూ బరువెక్కి బద్ధకంగా ఒకచోటే కూర్చునేవి. నల్లదాని జుట్టు పాలిపోయి ఉంది, మా పిల్ల కనురెప్పల్లాగే.

నాకు ఒళ్ళు మండింది. "ఇకమీదట నేను చెప్పిందే తిండి" అని ప్రకటించాను. ఆస్పత్రి నుంచి పాత చార్టు కాగితం తెచ్చి వెనక గీతలు గీసి వంటింటి తలుపుకి అంటించాను. పొద్దున్న గోధుమలు, సజ్జలు, నానబెట్టిన శనగలు. మధ్యాహ్నం ఆకులు. సాయంత్రం కాస్త మజ్జిగలో కలిపిన తవుడు. ఇరవై నాలుగ్గంటలూ శుభ్రమైన నీళ్ళు. రొట్టెలు వారానికి ఒక్కసారి, నెయ్యి లేకుండా. కారప్పూస అసలు వద్దు, ఆ ఉప్పు కోడికి విషం. ఎవరు ఏం వేశారో పక్కన టిక్కు పెట్టాలి. మా అత్తగారు కాగితం ముందు నిలబడి, "కోళ్ళకి కేసు షీటా తల్లీ! రేపు సెలైన్ కూడా పెడతావా?" అని పగలబడి నవ్వారు.

నవ్వినా పని చేసింది ఆవిడే. ముల్లంగి ఆకులు, మెంతికూర కాడలు, బచ్చలి చివర్లు సబ్జీ భయ్యా పారేసేవి అన్నీ కొంగున కట్టుకొచ్చేవారు. క్వార్టర్ కిటికీ చెక్కలకి చెదలుండేవి. వాటి గురించి మా ఆయన రాసిన ఫిర్యాదులకి ఏళ్ళ తరబడి జవాబు లేదు. అత్తగారు అట్లకాడతో చెక్క మీద కొడితే చెదపురుగులు జలజలా రాలేవి, కోళ్ళు ఎగబడి తినేవి. "సర్కారోళ్ళు మనకి చేసిన మేలు ఇదొక్కటే" అనేవారు. ఊళ్ళో నత్తగుల్లలు నూరి వేసేదాన్నని, అందుకే తన కోళ్ళ గుడ్లకి పెంకు రాయిలా ఉండేదని ఆవిడే చెప్పారు. ఢిల్లీలో నత్తగుల్లలు ఎక్కడ తేను? వంటింట్లో గుడ్డు పెంకులు ఉన్నాయి కదా. కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, రోట్లో మెత్తగా నూరి తవుడులో కలిపాను. పది పదిహేను రోజుల్లో గుడ్డు గట్టిపడింది. కొడితే టక్కుమని పగిలేది. సొన పసుపుకొమ్ము రంగులో ఉండేది. నల్లదాని జుట్టు దానిమ్మపువ్వులా విచ్చుకుంది. నా గర్వం చూడాలి అప్పుడు! వార్డులో పేషెంట్లకి మందులిస్తూ మా కోళ్ళ కబుర్లు చెప్పేదాన్ని.

వేసవి సెలవుల్లో పిల్ల ఇంట్లోనే ఉండేది. గుడ్డు తనే తెచ్చేది, నానమ్మ వేడిగా అట్టు వేసి పెడితే తినేది. జూన్ చివర పరీక్ష చేయిస్తే రక్తం పెరిగింది. డాక్టరమ్మ "వెరీ గుడ్ సిస్టర్" అంది. నేను ఇంటికొచ్చి నల్లదానికి గుప్పెడు సజ్జలు ఎక్కువ వేశాను.

జూలైలో స్కూళ్ళు తెరిచారు. నాకు పొద్దుటి డ్యూటీ పడింది. పిల్ల బస్సు ఏడింటికి, నా బస్సూ ఏడింటికే. తీరిగ్గా కూర్చోబెట్టి తినిపించే వేళ లేదు. అందుకని గుడ్డు ఉడకబెట్టి, పెంకు తీయకుండా కాగితంలో చుట్టి, పరాటాల పక్కన డబ్బాలో పెట్టేదాన్ని. మధ్యాహ్నం మూడున్నరకి డ్యూటీ దిగి వచ్చీ రాగానే రెండు చూసేదాన్ని. ఒకటి తలుపు మీద చార్టు, రెండు సింకులో డబ్బా. చార్టులో టిక్కులున్నాయా? ఉన్నాయి. డబ్బా ఖాళీయేనా? ఖాళీయే. హమ్మయ్య అనుకుని చీర మార్చుకునేదాన్ని.

ఆగస్టులో గూట్లో గుడ్లు మాయమవడం మొదలైంది.

మొదట ముంగిస అనుకున్నాం. ఆ కాలనీలో ముంగిసలు కుక్కల్లా తిరిగేవి. గోడ కంతలకి ఇటుకలు పెట్టాం. తర్వాత కాకి అనుకున్నాం. కూలరు మీద గోనె కప్పాం. అయినా రెండు రోజులకొకసారి గూట్లో తడి మరక తప్ప ఏమీ ఉండేది కాదు. చివరికి అత్తగారు ఒక పూటంతా చేతికర్రతో జామచెట్టు కింద పీట వేసుక్కూర్చున్నారు. నేను డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే ఆపేశారు.

"దొంగ దొరికింది. బయటోళ్ళు కాదు. నీ నల్లదే. గుడ్డు పెట్టింది, లేచింది, వెనక్కి తిరిగి ముక్కుతో ఒక్కటేసింది. సొనంతా జుర్రేసింది. ఎర్రది పక్కన నిలబడి చూస్తా ఉంది."

"కంచే చేను మేస్తే ఎలా అత్తయ్యా?"

"మేసింది గదా! గుడ్డు రుచి మరిగిన కోడి చచ్చినా మానదు. పక్కదానికీ నేర్పేస్తది. ఆదివారం చర్చి నుంచి రాగానే కోసేద్దాం." అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "అయినా నేర్పింది ఎవరనీ? గుడ్డు పెంకులు వేయించి మరీ పెట్టావు గదా. కోడికి గుడ్డు రుచి చూపిస్తే ఊరుకుంటదా?"

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. "పెంకు ఆనవాలు లేకుండా పిండిలా నూరానండీ! ఆ పొడి వేయబట్టే కదా మీ చేతిలో తోలుగుడ్డు గట్టిపడింది! అప్పుడు స్తోత్రం చెప్పారు, ఇప్పుడు నా మీదకి తోస్తున్నారా?" అని గట్టిగానే అరిచాను. పై నుంచి ఆంటీ తొంగి చూసి, "క్యా హువా బేటీ?" అంది. ఏం లేదు ఆంటీ అన్నాను. ఆ రాత్రి అత్తాకోడళ్ళం ఒకరి కంచంలో ఒకరం చూడకుండా తిన్నాం. మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పెరుగు కలుపుకున్నారు.

పిల్ల మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది. "నానమ్మా, నల్లదాన్ని నిజంగా కోస్తారా?" అని రెండుసార్లు అడిగింది. కోడి దొంగయితే కత్తి తప్పదు అని అత్తగారన్నారు. పిల్ల కంచం వదిలి లేచిపోయింది. కోడి మీద మమకారం అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అది ఎందుకు ఉలిక్కిపడిందో నాకు ఆ పూట తట్టలేదు.

ఆదివారానికి ముందు ఒక ప్రయత్నం చేద్దామని మర్నాడు మా ఆయన ఒక చిట్కా చెప్పారు. ఖాళీ గుడ్డు పెంకులో కారం నింపి గూట్లో పెడితే నోరు మండి మళ్ళీ గుడ్డు జోలికి రాదట. ఇంట్లో గుంటూరు నుంచి వచ్చిన కారం ఉంది, మా ఆయనే అన్నంలో కళ్ళనీళ్ళు పెట్టుకునేంత ఘాటు. చెంచాలతో నింపి, పిండితో కన్నం మూసి పెట్టాం. అందరం గుమ్మంలో నిలబడ్డాం. నల్లది వచ్చింది, పొడిచింది, ఎర్రటి కారం మొత్తం తీరిగ్గా ఏరుకుని తిని, ముక్కు గోనెకి తుడుచుకుని, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. మా ఆయన కింద కూర్చుండిపోయి నవ్వారు. చిలకలు మిరపకాయలు తినడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. పక్షి నోటికి కారం తెలియదని నాకు తట్టొద్దూ!

ఆ వారమే పిల్ల రక్తం మళ్ళీ పరీక్ష చేయించాను. రిపోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి చదివాను. జూన్‌లో పెరిగిందంతా పడిపోయింది. డాక్టరమ్మ ఈసారి వెరీ గుడ్ అనలేదు. "తిండి సరిగ్గా తింటోందా?" అంది. "డబ్బా రోజూ ఖాళీగా వస్తుంది డాక్టర్" అన్నాను. "అయితే లోపల ఇంకేదో ఉందేమో చూడాలి" అంటూ ఇంకా పరీక్షలు రాసింది. ఆ పరీక్షల పేర్లు నాకు తెలుసు. అవి ఏ జబ్బుల కోసం రాస్తారో కూడా తెలుసు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఇంటి దాకా ఏడుస్తూనే వచ్చాను. నాకు తోచిన వైద్యం ఒక్కటే. మర్నాటి నుంచి డబ్బాలో రెండు గుడ్లు పెట్టాను. మావి చాలకపోతే మార్కెట్లో కొన్నాను.

శుక్రవారం నాకు సెలవు. ఆదివారం కోడిని కోసేముందు గూడు ఒకసారి శుభ్రం చేద్దామని కొంగు బిగించి కూలర్లోకి దూరాను. అడుగున గోనె ఎత్తి దులిపాను. మూల గడ్డిలో చిన్న పెంకుముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి పారేయబోయి ఆగిపోయాను. పెంకు లోపల తెల్లసొన అంటుకుని ఉంది. జిగటగా కాదు, గట్టిగా. గోటితో గీకితే ముక్కగా ఊడొచ్చింది.

కోడి ఉడికిన గుడ్డు పెట్టదు కదా.

కూలర్లోనే చతికిలబడ్డాను. తల ఇనుప అంచుకి కొట్టుకున్నా తెలియలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్ల బస్సు వచ్చే వేళకి, రెండున్నర అవుతుండగా వంటింటి కిటికీ వెనక నిలబడ్డాను. అత్తగారు ముందు గదిలో సీరియల్ చూస్తున్నారు. ఆ రోజు నాకు సెలవని పిల్లకి తెలియదు.

బస్సు దిగి, బ్యాగు వీపు మీదే ఉంచుకుని పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చింది. బకెట్టు బోర్లించి కూర్చుంది. డబ్బా మూత తీసింది. చల్లారి అట్టముక్కల్లా అయిన పరాటాలు గబగబా నోట్లో కుక్కుకుంది. ఎంత ఆకలి మీద ఉందో పిల్ల, నమలకుండా మింగుతోంది. తర్వాత గుడ్డు తీసి కూలరు అంచుకి టక్కున కొట్టింది. ఆ చప్పుడుకి నల్లది జామచెట్టు వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. "లే, ఖా లే. ఆజ్ భీ దో హైఁ" అంది పిల్ల, ఇవాళా రెండున్నాయి తినమని దాని వీపు నిమురుతూ.

నా నోరు నేను పట్టుకోలేకపోయాను. "ఒసేయ్!" అని అరుస్తూ బయటికి దూకాను. డబ్బా కింద పడింది. రెండో గుడ్డు దొర్లితే ఎర్రది వెంటపడి పొడవసాగింది. పిల్ల లేచి నిలబడి, నా చేయి పైకి లేవకముందే రెండు చేతులతో నల్లదాన్ని ఎత్తి గుండెకి హత్తుకుంది.

"మమ్మీ, దీన్ని చంపొద్దు! ఇస్‌కీ గల్తీ నహీఁ హై, దీని తప్పేం లేదు. నేనే ఇచ్చాను. రోజూ నేనే ఇచ్చాను!"

"ఎందుకిచ్చావే? నీకోసం కాదూ కోళ్ళు తెచ్చింది? నీ ఒంట్లో రక్తం లేక నేను చస్తుంటే!"

ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, సగం హిందీలో సగం తెలుగులో చెప్పింది. జూలైలో టీచరు బెంచీలు మార్చిందట. పక్కన కూర్చున్న అమ్మాయి వాళ్ళింట్లో గుడ్డు ముట్టరట. మొదటిరోజు మా పిల్ల డబ్బా తీయగానే, "ఛీ, అండా! బద్‌బూ!" అని, గుడ్డు కంపు కొడుతోందంటూ ఇద్దరి మధ్య బ్యాగు నిలబెట్టిందట. వెనక బెంచీ వాళ్ళు ముక్కులు మూసుకున్నారట. ఆ రోజు నుంచి లంచ్ బెల్లు కొడితే మా పిల్ల కడుపునొప్పి అని చెప్పి డబ్బా తీయకుండా కూర్చునేది. పొద్దున్న ఏడింటికి తాగిన పాలే, మళ్ళీ రెండున్నరకి ఈ బకెట్టు మీద.

"ఇంటికొచ్చాకయినా గుడ్డు తినొచ్చుగా?"

"తినాలనే చూశా మమ్మీ. కానీ ఇప్పుడు నాకూ వాసన వస్తోంది."

"పోనీ పారేయొచ్చుగా. కోడికెందుకు అలవాటు చేశావ్?"

"గుడ్డు పారేస్తే పాపం అని నానమ్మ చెప్పింది. కోడికి ఇస్తే పాపం కాదు కదా?" అని, నల్లదాని ఈకల్లో మొహం పెట్టుకుని అంది. "నువ్వు రోజూ వచ్చి డబ్బా చూస్తావు. కోడి ఏం తిందో కాగితంలో చూస్తావు. నన్ను అడగవు."

నేను వెనక మెట్టు మీద కూర్చున్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు, ఊళ్ళో పేషెంట్లందరికీ తిండి గురించి చెప్పేదాన్ని, నా కూతురు ఏడెనిమిది గంటలు పస్తుంటుందని తెలుసుకోలేకపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అదే సమయంలో, దాచడమెందుకు, గుండెల మీంచి బండ దిగినట్టు కూడా అనిపించింది. డాక్టరమ్మ అనుమానించిన జబ్బులేవీ కాదు. ఆకలి. ఆకలికి మందు నా వంటింట్లో ఉంది. కోడితో సహా పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. మధ్యలో నల్లది ఊపిరాడక నా చేయి పొడిచింది.

అరుపులకి అత్తగారు టీవీ వదిలేసి వచ్చారు. అంతా విన్నారు. "ఉడకబెట్టిన గుడ్డు చేత్తో పగలగొట్టి తినిపించి, పచ్చిది తినొద్దంటే కోడికేం తెలుసమ్మా" అని మాత్రం అన్నారు. ఆదివారం కోసం నూరి ఉంచిన కత్తి తీసి అటక మీద పెట్టేశారు. పెంకుల పొడి గురించి నన్ను అన్న మాటకి క్షమించమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం, "పెంకులు ఎక్కడ పెట్టావమ్మాయ్, ఇలా ఇవ్వు, నేను నూరతాను" అన్నారు. నాకది చాలు.

ఇక నల్లదానికి బుద్ధి చెప్పడం మిగిలింది. మా షోకేసులో పెళ్ళయిన కొత్తల్లో ఆగ్రాలో కొన్న పాలరాతి గుడ్డు ఒకటి ఉండేది, కాగితాల మీద బరువు పెట్టుకునేది. దాన్ని తీసుకెళ్ళి గూట్లో పెట్టాం. నల్లది దాన్ని పొడిచి పొడిచి, ముక్కు నొప్పెట్టిందో ఏమో తల అటూ ఇటూ తిప్పి చూసేది. మా ఆయన గూటి ముందు గోనె కట్టి లోపల చీకటి చేశారు. గుడ్డు పెట్టిన అరుపు వినగానే అత్తగారు పరుగున వెళ్ళి తీసేసేవారు. ఆకలి మీద గుడ్డు వైపు చూడకుండా నేను నానబెట్టిన శనగలు, మజ్జిగ కాస్త పెంచాను. రెండు మూడు వారాల్లో మానేసింది. కత్తి తప్ప మందు లేదన్న అత్తగారు, "మా ఊళ్ళో పాలరాళ్ళు ఎక్కడివి, అందుకే కోసేవాళ్ళం" అని సర్దుకున్నారు.

పిల్ల డబ్బాలో గుడ్డు మానేశాను. పులిహోర, ఆలూ పరాటా, బెల్లం వేసిన నువ్వులుండలు పెట్టేదాన్ని. నువ్వులుండల వాసన ఆ బ్యాగు దాటి అవతలికి పోయింది. పక్కమ్మాయి ఒకటి అడిగిందట. మర్నాడు రెండు అడిగిందట. బ్యాగు ఎప్పుడు కిందకి దిగిందో మా పిల్ల చెప్పలేదు గాని, నేను ఉండలు రోజూ నాలుగు ఎక్కువ చేయాల్సి వచ్చింది.

ఇంట్లో గుడ్డు మాత్రం పిల్ల మొదట్లో ముట్టలేదు. ముక్కు మూసుకుని రెండు ముక్కలు తిని పారిపోయేది. నేను బలవంతం చేయలేదు. నా కోపానికి అదెంత కష్టమో దేవుడికే తెలుసు. గుడ్డు తీసే పని దానికే అప్పజెప్పాం. అరచేతిలో వెచ్చగా ఉన్న గుడ్డుని చెంపకి ఆనించుకుని, "దీనికి వాసనే లేదు మమ్మీ" అంది ఒకరోజు. నానమ్మ దాన్ని అప్పటికప్పుడే ఉల్లిపాయ, మిరియాలు వేసి అట్టు పోశారు. ఆ రోజు ముక్కు మూసుకోలేదు.

ఆ ఏడు కోతపండుగకి మా ఇంటి నుంచి కేకు పోలేదు. బుట్టలో గడ్డి పరిచి మా కోళ్ళ గుడ్లు పట్టుకెళ్ళాం. వేలంలో మా గుడ్లని మా ఆయనే పాడుకుని ఇంటికి తెచ్చారు. చెప్పాను కదా, ఆయనకి ఆపడం తెలియదని.

డిసెంబరులో పిల్ల రక్తం పరీక్ష చేయిస్తే నిండుగా వచ్చింది. ఆ రిపోర్టు బ్యాగులో పెట్టుకుని బస్సు దిగేసరికి నాలుగవుతోంది. పలచటి ఎండ. పెరట్లో అత్తగారు పీట మీద, పిల్ల బోర్లించిన బకెట్టు మీద, నల్లది పిల్ల కాళ్ళ దగ్గర. పిల్ల చేతిలో పొగలు కక్కుతున్న ఉడికిన గుడ్డు ఉంది. అవును, ఉడికిందే. పెంకు తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. నేను వంటింట్లోకి వెళ్ళలేదు. చార్టు చూడలేదు, డబ్బా చూడలేదు. నేరుగా వెళ్ళి దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"తిన్నావా అమ్మా?" అన్నాను. "ఎవరి పక్కన కూర్చుని తిన్నావ్?"

స్కూల్లో పక్కమ్మాయితో, ఇక్కడ నానమ్మతో, ఇదిగో దీనితో, అని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. నల్లది మెడ చాచి గుడ్డు వైపు చూస్తే చేయి పైకెత్తేసింది.

"లోపలిది నాది" అంది దానితో, ఈసారి తెలుగులోనే. "పెంకు నీది. నానమ్మ నూరాకే."